ఎండను ఆపే పందిరి, ఎండతో నడిచే మోటారు

నల్లగొండ, పాలమూరు చల్కా నేలల్లో బోరు ఎండడం కొత్త మాట కాదు. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో ఏడాది సగటు వాన సుమారు 600 మిల్లీమీటర్లు మాత్రమే. రెండించులు పోసే బోరు మే నెల వచ్చేసరికి ఇంచుకు దిగుతున్నది. ఆ ఇంచు నీటితో కూరగాయలు పండించుకొనేందుకే గ్రీన్‌హౌస్ పనికి రావాలి.

రాష్ట్రం ఏర్పడిన 2014లో ప్రభుత్వం పాలీహౌస్‌లకు 75 శాతం సబ్సిడీ ప్రకటించింది. ఒక్కో రైతుకు మూడు ఎకరాల వరకు ఇచ్చేందుకు నిర్ణయించారు. తరువాత ఎస్సీ, ఎస్టీ రైతులకు దీనిని 95 శాతానికి పెంచారు. ఎకరానికి దగ్గరగా ఉండే 4,000 చదరపు మీటర్ల పాలీహౌస్‌కు నాటి కేంద్ర రేటు మీటరుకు 844 రూపాయలు. అంటే 33 లక్షల 76 వేలు. సబ్సిడీ పోగా రైతు వాటా 8 లక్షల 44 వేలు. ఇరవై గుంటల ఆసామి సగం వేసినా నాలుగు లక్షలు ఎక్కడి నుంచి తేవాలి? పైన కప్పిన ప్లాస్టిక్ షీటు మూడు నాలుగేళ్లకు మార్చక తప్పదు. పెద్ద గాలి వస్తే అంతవరకు కూడా ఆగదు. పైగా 2020 లాక్‌డౌన్‌లో జెర్బెరా పూలు కొనే దిక్కు లేకపోయింది.

కరెంటు సంగతి కూడా చూడవలసి ఉన్నది. ఫ్యాన్లు, తడి ప్యాడ్లు పెట్టి చల్లబరచే రకానికి ఎండ ఉన్నంతసేపు కరెంటు కావాలి. పక్కలు తెరచి గాలి ఆడనిచ్చే రకానికి, నెట్ పందిరికి మాత్రం డ్రిప్పుకు నీళ్లిచ్చే చిన్న మోటారు చాలును. మన ఎండలకు మూసిన పాలీహౌస్ లోపల బయటికన్నా ఎక్కువ ఉడుకుతుంది కనుక చిన్న రైతుకు నెట్ పందిరే మేలని ఈ విలేఖరికి తోచుచున్నది.

తెలంగాణలో పని మొదలుపెట్టిన ఖేతీ అనే సంస్థ ఇటువంటి చిన్న పందిరినే రైతులకు అందిస్తున్నది. దీనికి 2022లో బ్రిటన్ యువరాజు విలియం నెలకొల్పిన ఎర్త్‌షాట్ బహుమతి, పది లక్షల పౌండ్లు లభించాయి. ఆరుబయటి పంటకన్నా 98 శాతం తక్కువ నీరు పడుతుందని సంస్థ లెక్క. అందులో సగం నిజమైనా మనకు చాలును.

ఇక సోలార్ మోటారు. 2018 జనవరి 1 నుంచి సేద్యానికి 24 గంటల ఉచిత కరెంటు ప్రకటించిన రాష్ట్రంలో, తీగ ఉన్న రైతు సొంత డబ్బు పెట్టి పలకలు కొనడు. తీగ చేరని చోటనే దాని అవసరం. నల్లమలలోని అమ్రాబాద్ మండలం మాచారంలో 2025 మే నెలలో ఇందిర సౌర గిరిజల వికాసం పథకం ప్రారంభమైంది. అటవీ హక్కు పట్టాలున్న గిరిజనుల భూములకు సోలార్ పంపులు ఇచ్చేందుకు ఉద్దేశించిన పథకమిది. మబ్బు పట్టిన రోజు పంపు మందగిస్తుంది గనుక పక్కన ఒక తొట్టి కట్టుకోవాలి.

ఆ పంపుల పక్కన నాలుగు గుంటల నెట్ పందిరి కూడా వేయించేందుకు ఉద్యానశాఖ వారు పూనుకొంటే బాగుండును. దరఖాస్తు పెట్టే రైతులు మాత్రం, నెట్ చినిగితే మార్చే ఖర్చు ఎవరిదో ముందే అడిగి కాగితం మీద రాయించుకోవాలి.