గొంతు గడ్డ, సన్న సూది

మెడ ముందు థైరాయిడ్ గ్రంథిలో గడ్డ తగిలి, డాక్టరు సన్న సూదితో కణాలు తీసి చూసే ఎఫ్‌ఎన్‌ఏసీ చేయించమని రాయగానే ఇంట్లో ఎవరో ఒకరు అనే మాట: "సూది పెట్టి కెలికితే క్యాన్సర్ పాకుతుందట." ఆ భయాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. ఒకప్పుడు పేరున్న సర్జన్లు కూడా అలాగే భయపడ్డారు. అమెరికాలో పుట్టిన పరీక్ష అమెరికాలోనే కొన్ని దశాబ్దాలు మూలన పడి ఉండటానికి ఆ భయమే పెద్ద కారణం.

1930లో న్యూయార్క్ మెమోరియల్ ఆసుపత్రిలో తల, మెడ గడ్డలకు శస్త్రచికిత్స చేసే హేస్ మార్టిన్, ప్రయోగశాలలో పనిచేసే ఎడ్వర్డ్ ఎల్లిస్ కలిసి ఈ పద్ధతిని ప్రచురించారు. గడ్డలోకి సూది దింపి, సిరంజితో లాగి, వచ్చినదాన్ని గాజు పలక మీద పరిచేవారు. స్లైడ్లను పేథాలజిస్టు ఫ్రెడ్ స్టీవర్ట్ చదివేవాడు. వాళ్లు వాడింది 18 గేజ్ సూది. మందం మిల్లీమీటరు పైమాటే. ఆ దారిన క్యాన్సర్ కణాలు బయటపడతాయని సర్జన్లు జంకారు. కోసి తీసిన ముక్కను చూడటానికి అలవాటుపడిన పేథాలజిస్టులేమో విడివిడి కణాలను చూసి తీర్పు చెప్పడానికి ముందుకు రాలేదు.

దాన్ని మళ్లీ చేతిలోకి తీసుకున్నది స్వీడన్ రక్తవైద్యులు. ఎముక మూలుగను సూదితో లాగడం, పలచగా పరిచిన కణాలను చదవడం వాళ్లకు రోజువారీ పని. 1952లో నిల్స్ సోడర్‌స్ట్రమ్ థైరాయిడ్ వాపుల్లోంచి కణాలు తీసిన అనుభవాన్ని ప్రచురించాడు. స్టాక్‌హోమ్ కరోలిన్‌స్కాలో సిక్స్‌టెన్ ఫ్రాంజెన్, యోసెఫ్ జైచెక్, టోర్‌స్టెన్ లోవ్‌హాగెన్ దాన్నొక శాస్త్రంగా నిలబెట్టారు. సూది సన్నబడింది. రక్తపరీక్షకు వాడే గీమ్సా తరహా రంగులే ఇక్కడా పనికొచ్చాయి. ఒక చేత్తో గడ్డను కదలకుండా పట్టుకుంటే రెండో చేత్తోనే సిరంజిని లాగగలిగేలా ఫ్రాంజెన్ ఒక పిడి తయారుచేశాడు. పిడికన్నా గొప్ప విషయం ఇంకొకటుంది. అక్కడ గడ్డను తడిమి చూసిన డాక్టరే సూది వేసేవాడు, ఆ స్లైడునూ తనే చదివేవాడు. ఈ పరీక్షను నమ్మదగినదిగా చేసింది ఆ పద్ధతేనని నా అభిప్రాయం. ఇక పాకుతుందన్న భయం సంగతి: ఇప్పుడు వాడే 25, 27 గేజ్ సూదుల మందం అర మిల్లీమీటరుకు అటూఇటుగానే ఉంటుంది, వాటి వెంట థైరాయిడ్ క్యాన్సర్ పాకడం అత్యంత అరుదు.

ఫలితం ఎక్కడ కనిపించిందంటే, ఆపరేషన్ గదిలో. థైరాయిడ్ గడ్డల్లో నూటికి 7 నుంచి 15 మాత్రమే క్యాన్సర్లు. సూది రాకముందు అవి ఏవో తేల్చుకోవడానికి మెడ కోయాల్సి వచ్చేది. 1982లో మేయో క్లినిక్ వైద్యులు ప్రచురించిన లెక్క చూడండి: ఈ పరీక్ష వచ్చాక ఆపరేషన్‌కు వెళ్లే రోగులు నూటికి 67 నుంచి 43కి తగ్గారు. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో క్యాన్సర్ బయటపడింది మాత్రం నూటికి 14 నుంచి 29కి పెరిగింది. అక్కర్లేని ఆపరేషన్ తప్పిందంటే గొంతు నరానికి ముప్పు తప్పింది, జన్మంతా మింగాల్సిన మాత్ర తప్పింది.

అయితే సూదికి అందనిది ఒకటుంది. ఎక్కువగా కనిపించే పాపిల్లరీ క్యాన్సర్ కణకేంద్రకాల్లోనే బయటపడుతుంది. వాటి మీది గాడులు, పాలిపోయిన రంగు చూసి చెప్పేయొచ్చు. ఫాలిక్యులర్ రకంలో మామూలు గడ్డ కణాలూ క్యాన్సర్ కణాలూ ఒకేలా ఉంటాయి. గడ్డ చుట్టూ ఉన్న పొరను చీల్చుకుని కణాలు బయటకో రక్తనాళాల్లోకో చొరబడితేనే అది క్యాన్సర్. పెరట్లోంచి గుప్పెడు మట్టి తెచ్చి చూపిస్తే, ప్రహరీకి బీట పడిందో లేదో ఎవరు చెప్పగలరు? ఆ గడ్డను పొరతో సహా తీసి చూడాల్సిందే.

ఈ పరిమితిని దాచకుండా కాగితం మీద పెట్టడం 2007లో అమెరికాలోని బెథెస్డాలో జరిగిన సమావేశంతో మొదలైంది. రిపోర్టులో ఆరు తరగతులు. పదేసి కణాలకు తగ్గని గుంపులు కనీసం ఆరైనా ఉంటేనే స్లైడు సాధారణంగా లెక్కలోకి వస్తుంది. మొదటి తరగతి అంటే కణాలు చాల్లేదని, అంతేగాని క్యాన్సర్ లేదని కాదు. దాన్ని చూసి ఊపిరి పీల్చుకుని ఇంటికి వెళ్లిపోతే ప్రమాదం. అల్ట్రాసౌండ్ చూస్తూ మళ్లీ సూది వేయించుకోవాలి. రెండో తరగతి అపాయం లేనిది. నూటికి సుమారు నాలుగు తప్పుతాయి. ఆరోది క్యాన్సర్, నూటికి 97 నిజమవుతుంది. మధ్యలో ఏదీ తేల్చి చెప్పలేని మూడు, నాలుగు తరగతులవాళ్లదే అసలు అవస్థ. మళ్లీ సూది, కణాల్లోని జన్యువుల పరీక్ష, లేదా థైరాయిడ్‌లో సగం తీయడం, వీటిలో ఏదో ఒకటి ఎంచుకోవాలి. జన్యు పరీక్ష ఖర్చు చాలామందికి అందేది కాదు.

రెండో తరగతి వచ్చినా అల్ట్రాసౌండ్‌లో గడ్డ అంచులు గరుకుగానో లోపల సున్నపు చుక్కలతోనో అనుమానంగా కనిపిస్తే, సూది మాటనే పట్టుకుని ఆగకూడదు. ఏడాదిలోపు పరీక్ష మళ్లీ చేయాలి. రెండోసారీ అపాయం లేదనే వస్తే, ఆ గడ్డలో క్యాన్సర్ కోసం స్కాన్లు చేయించుకుంటూ పోవాల్సిన పని లేదని 2015 నాటి అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ మార్గదర్శకాలు చెబుతున్నాయి.