తూటాల నేరాన్ని నరాల బిళ్లలకు అంటగట్టొద్దు

గుడివాడ, పామర్రు, ఉయ్యూరు చుట్టుపక్కల ఏ వీధికి వెళ్లినా అమెరికాలో పిల్లలున్న ఇల్లు కనీసం ఒకటి ఉంటుంది. అందుకే అక్కడ తుపాకి పేలితే ఇక్కడ ఫోన్లు మోగుతాయి. 2023 మే 6న టెక్సస్‌లోని ఆలెన్ షాపింగ్ మాల్‌లో ఓ దుండగుడు ఎనిమిది మందిని కాల్చి చంపాడు. వాళ్లలో మన తెలుగమ్మాయి ఒకరు. ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ క్షేమ సమాచారాల వెనకాలే ఇంకో మాట వాట్సాప్‌లో బయల్దేరుతుంది. కాల్చినవాళ్లంతా మానసిక జబ్బుకు మందులు వాడినవాళ్లేనట, ఆ మందులే వాళ్ల చేత ఆ పని చేయించాయట. 2025 ఆగస్టులో మినియాపొలిస్‌లో ప్రార్థనలో ఉన్న బడిపిల్లల మీద కాల్పులు జరిగాక, ఈ మందుల పాత్ర మీద పరిశోధన చేయిస్తామని అమెరికా ఆరోగ్య మంత్రే అనడంతో ఆ మాటకు మరింత బలం వచ్చింది.

ఎక్కడో జరిగినదాని గురించి మనకెందుకు అని ఊరుకోవడానికి లేదు. బందరులోనో, అవనిగడ్డలోనో రాత్రి అన్నం తిన్నాక దిగులుకు ఒక ఎస్సిటాలోప్రామ్ బిళ్లో, మతిభ్రమణానికి ఒక రిస్పెరిడోన్ బిళ్లో వేసుకుని, పొద్దున్నే లేచి చేపల చెరువు మీదికో బడికో వెళ్లే మనిషి ఉంటాడు. ఆ మాట తగిలేది అతనికి. అంతకంటే ముందు అతని తల్లికి. ఆవిడ ఆ రాత్రి బిళ్ల దాచేస్తుంది.

అపోహ: సామూహిక కాల్పులు జరిపినవాళ్లంతా మానసిక మందులు వాడినవాళ్లే.

వాస్తవం: ఈ ప్రచారంలో తరచూ చూపించేది 1999 ఏప్రిల్ 20న కొలంబైన్ హైస్కూలులో జరిగిన ఘోరం. కాల్చినవాళ్లు ఇద్దరు. ఒకడి రక్తంలో ఫ్లూవాక్సమిన్ అనే దిగులు తగ్గించే మందు కనిపించింది. రెండోవాడి రక్తంలో ఏ మందూ లేదు. ఇద్దరూ కలిసే పథకం వేశారు, కలిసే చంపారు. వాట్సాప్‌లో తిరిగే వీడియోల్లో మాత్రం మొదటివాడి రక్త పరీక్షే చూపిస్తారు. 2007లో వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయంలో 32 మందిని పొట్టనబెట్టుకున్నవాడి రక్తంలో మానసిక మందుల జాడే దొరకలేదు. 2012లో శాండీ హుక్ బడిలో 20 మంది పసివాళ్లను, ఆరుగురు సిబ్బందిని చంపినవాడి రక్తంలోనూ లేదు. అతనికి ఏళ్ల కిందటే డాక్టర్లు వైద్యం సూచించారు, అది మొదట్లోనే ఆగిపోయింది. బడుల్లో కాల్పులు జరిపినవారి వివరాలను వరసగా పరిశీలించిన మానసిక వైద్యులు 2019లో తేల్చిందేమిటంటే, వాళ్లలో ఎక్కువమంది అంతకుముందు ఇలాంటి మందులు వాడినవాళ్లే కారు.

ఇంకో లెక్క చూడండి. అమెరికాలో పెద్దవాళ్లలో నూటికి 13 మంది దిగులు తగ్గించే మందులు వాడుతున్నారు. అంతమంది వాడే దేశంలో నేరం చేసినవాళ్లలోనూ కొందరు వాడినవాళ్లు ఉంటారు, అందులో వింత లేదు. మగవాళ్లకంటే ఆడవాళ్లు రెండింతలు ఎక్కువగా వాడతారు. 60 దాటిన ఆడవాళ్లలో దాదాపు నాలుగోవంతు మంది వేసుకుంటారు. కాల్పులు జరిపేది మాత్రం దాదాపు ఎప్పుడూ మగవాళ్లే, అందులోనూ కుర్రవాళ్లు ఎక్కువ. మందే కారణమైతే ఈ లెక్క తలకిందులుగా ఉండాలి.

మరి అమెరికాలోనే ఎందుకు? 2017 నాటి అంచనా ప్రకారం అక్కడ ప్రతి వంద మందికి 120 తుపాకులున్నాయి. మన దేశంలో వందకు ఐదు. బడుల మీద దాడి చేసినవాళ్లకు తుపాకి ఎక్కువగా సొంత ఇంట్లోనో దగ్గరి బంధువుల ఇంట్లోనో దొరికిందని అక్కడి సీక్రెట్ సర్వీస్ పరిశీలనలో తేలింది. ఆ మందులనే వాడే దేశాలు యూరప్‌లో ఎన్నో ఉన్నాయి. అక్కడ ఇలాంటి దారుణాలు ఎప్పుడో గాని జరగవు.

అపోహ: మానసిక జబ్బు ఉన్నవాళ్లు ఎదుటివాళ్లకు ప్రమాదం.

వాస్తవం: కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు 1900 నుంచి 2019 దాకా జరిగిన సామూహిక హత్యలను సేకరించి చూస్తే, తుపాకితో చంపినవాళ్లలో తీవ్రమైన మానసిక వ్యాధి ఉన్నవాళ్లు నూటికి ఎనిమిది మందే. మిగతావాళ్లలో ఎక్కువగా కనిపించేవి పగ, ద్వేషం, అవమానం, పేరు కోసం పాకులాట. మనసు దెబ్బతిన్నవాళ్లంతా ఎదుటివాళ్లకు ప్రమాదం కాదని దివిసీమవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 1977 నవంబరు 19 రాత్రి ఉప్పెనకు ఇంటిల్లిపాదినీ పోగొట్టుకున్నవాళ్లు, ఆ తర్వాత ఏళ్ల తరబడి గాలి హోరు వింటేనే వణికిపోయినవాళ్లు నాగాయలంక, కోడూరు వైపు ఎంతమంది లేరు! వాళ్లు ఎవరికి హాని చేశారు? లోలోపలే కుమిలిపోయారు.

అపోహ: అయితే ఈ మందులతో ఏ ముప్పూ లేదు.

వాస్తవం: ఇదీ సరికాదు. పుకారును ఖండించే ఊపులో నిజమైన జాగ్రత్తను దాచకూడదు. దిగులు మందులు మొదలుపెట్టిన తొలి వారాల్లో కొందరు పిల్లల్లో, యువకుల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004లో తీవ్ర హెచ్చరిక జారీచేసింది. 2007లో దాన్ని 24 ఏళ్ల వయసు దాకా పొడిగించింది. స్వీడన్‌లో 2015లో వెలువడిన పెద్ద పరిశీలనలో, ఈ మందులు వాడే 15–24 ఏళ్లవారిలో హింసాత్మక నేరాలకు శిక్షలు ఎక్కువగా కనిపించాయి. అంతకంటే పెద్ద వయసువాళ్లలో కనిపించలేదు. దానికి కారణం మందో, మందు వేసుకోవాల్సి వచ్చిన జబ్బో ఆ పరిశీలన తేల్చలేదు, అది కాల్పుల గురించి చేసిన పరిశీలనా కాదు. అదే స్వీడన్‌లో 80 వేల మందికి పైగా రోగులను గమనించి 2014లో ప్రచురించిన మరో పరిశీలనలో, మతిభ్రమణానికి ఇచ్చే మందులు వాడుతున్న కాలంలో హింసాత్మక నేరాలు 45 శాతం తక్కువగా ఉన్నాయి.

కాబట్టి కుర్రవాళ్లకు కొత్తగా మందు మొదలుపెడితే మొదటి నెల కనిపెట్టుకుని ఉండాలి. కాలు ఒకచోట నిలవని అశాంతి, నిద్ర అక్కర్లేనంత హుషారు, చచ్చిపోవాలనే మాట, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే డాక్టరుకు చెప్పాలి. ఇంతకుముందెప్పుడైనా పట్టపగ్గాల్లేని ఉత్సాహం వచ్చి ఉంటే అదీ దాచకూడదు. అలాంటివాళ్లకు దిగులు మందు ఒక్కటే ఇస్తే ఆ ఉన్మాదం తిరగబెట్టవచ్చు.

అపోహ: నాలుగు రోజులు బాగుంటే మానెయ్యొచ్చు, లేకపోతే అలవాటు పడిపోతారు.

వాస్తవం: మన ప్రాంతంలో అసలు చిక్కంతా ఇక్కడే. మందుల షాపు దగ్గర కాసేపు నిలబడితే తెలుస్తుంది. నాలుగు మడతలు పడి, చెమటకు అక్షరాలు అలుక్కుపోయిన పాత చీటీ కౌంటరు మీద పెడతారు. డాక్టరును చూసి ఏడాదై ఉంటుంది. నెలకు సరిపడా కొనరు, కత్తెరతో సగం అట్ట కత్తిరించి ఇమ్మంటారు. అది అయిపోయాక, మనిషి మామూలుగానే ఉన్నాడు కదా అని మళ్లీ రారు. దిగులు మందు ఉన్నట్టుండి ఆపితే తల తిరగడం, ఒళ్లంతా కరెంటు పాకినట్టు జిల్లుమనడం, నిద్ర పట్టకపోవడం మామూలు. ఆ బాధ చూసి, అలవాటు పడ్డాడనుకుంటారు. మతిభ్రమణానికి వాడే మందు ఆపితే జబ్బే తిరగబెడుతుంది. మానాలంటే డాక్టరు చెప్పినట్టు మోతాదు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. అలవాటయ్యే మందులూ ఉన్నాయి, ఆల్‌ప్రాజోలమ్, క్లోనజెపామ్ లాంటివి. వాటిని చీటీ లేకుండా నెలల తరబడి మింగేవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. జనం భయపడాల్సిన మందుకు భయపడటం లేదు.

జబ్బు నయం కావాలని మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడికి మొక్కుకోవడంలో తప్పు లేదు. మొక్కుకుని వచ్చి బిళ్ల కూడా వేసుకోవాలి.

ఇక మళ్లీ తుపాకి దగ్గరికి వద్దాం. అమెరికాలో తుపాకి చావుల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. మన డెల్టాలో తుపాకి లేదు, పురుగుమందు డబ్బా ఉంది. వరిచేల కోసం తెచ్చిన డబ్బా చాలా ఇళ్లలో మంచం కిందో, వసారా మూలనో ఉంటుంది. శ్రీలంక 1990ల నుంచి అత్యంత విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధించుకుంటూ వస్తే, ఆత్మహత్యల రేటు సుమారు 70 శాతం తగ్గింది. ఇంట్లో దిగులుతో ఉన్న మనిషి ఉంటే ఆ డబ్బాలను పొలం షెడ్డులో పెట్టి తాళం వేసి, తాళంచెవి ఇంకొకరి దగ్గర ఉంచాలి.

బందరులో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల నడుస్తోంది. ప్రతిదానికీ విజయవాడ బస్సెక్కే ముందు అక్కడ మానసిక వైద్యం గురించి అడిగి చూడండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలిమానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు, పైసా ఖర్చు లేదు. ఆత్మహత్యకు ప్రయత్నించారని చెబితే కేసు పెడతారని భయపడి చాలామంది ఆసుపత్రిలో నిజం చెప్పరు. 2017 మానసిక ఆరోగ్య చట్టం అలాంటివాళ్లను తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాళ్లుగానే చూడమంటోంది, వాళ్లకు వైద్యం, సంరక్షణ అందించే బాధ్యతను ప్రభుత్వం మీద పెట్టింది. రోగిని గొలుసులతో కట్టేయడాన్ని అదే చట్టం నిషేధించింది. ఈసారి ఆ వీడియో మీ ఇంటి గ్రూపులోకి వస్తే, అమ్మ బిళ్ల దాచకముందే ఆవిడ పక్కన కూర్చుని ఈ సంగతులు చెప్పండి.