ఆరు పదులు దాటాక మినీ ట్రాంపోలిన్: ఎందుకు? ఎలా?

హైదరాబాద్‌లోని జూబ్లీహిల్స్, ఫిలింనగర్ కొండరాళ్ల మీద వెలసిన కాలనీలు. వీధి ఎటు తిరిగినా ఎక్కడమో దిగడమో తప్పదు. కేబీఆర్ పార్కు దగ్గరున్నవారికి నడకకు మంచి దారి ఉంది. అంతదూరం వెళ్లలేని పెద్దవాళ్లకు, ముఖ్యంగా వానాకాలంలో, ఇల్లే గతి. అలాంటివారికి మినీ ట్రాంపోలిన్ పనికొస్తుందా? పనికొస్తుంది. అయితే గెంతడానికి కాదు, తూలకుండా నిలబడే నేర్పు కాళ్లకు మళ్లీ అలవాటు చేయడానికి.

సినిమా ఫైట్లలో వాడేదీ ఇదీ ఒకటేనా?

కాదు. 1930లలో అమెరికాలోని అయోవాలో జార్జ్ నిస్సెన్, లారీ గ్రిస్‌వోల్డ్ తయారుచేసిన ట్రాంపోలిన్ మనిషిని గాల్లోకి ఎత్తడానికి పుట్టింది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో అది పతకాల పోటీ అయింది. ఇంట్లో వాడే చిన్నది సుమారు మూడడుగుల వెడల్పుంటుంది, ఎత్తు జానెడుకు కాస్త అటూ ఇటూ. ఎత్తుకు ఎగరేయడం దాని పని కాదు.

మోకాళ్లకు తేలిక ఎందుకు?

నేలమీద గెంతితే పాదం ఒక్కసారిగా ఆగుతుంది. ఆ దెబ్బ మడమ, మోకాలు, నడుము మోయాలి. ట్రాంపోలిన్ మ్యాట్ కిందికి సాగుతూ మెల్లగా ఆపుతుంది, క్యాచ్ పట్టేటప్పుడు ఆటగాడు చేతులు వెనక్కి లాక్కున్నట్టు. ఆగడానికి పట్టే సమయం పెరిగేకొద్దీ దెబ్బ తగ్గుతుంది. భారం మాత్రం పూర్తిగా పోదు, కండరాలకు పని దొరికేది దానివల్లే. కాబట్టి ఇది మోకాళ్ల నొప్పికి మందు కాదు. నేలమీద గెంతడం కంటే కీళ్లను తక్కువ శ్రమపెట్టే వ్యాయామం.

పడిపోకుండా ఎలా కాపాడుతుంది?

మనం నిలబడేది కాళ్ల బలంతోనే కాదు. కళ్లు, లోపలి చెవి, అరికాలు, చీలమండ పంపే కబుర్లను మెదడు క్షణక్షణం సరిచూసుకుంటూ ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ ఆ కబుర్లు మందగిస్తాయి. మెత్తగా కదిలే మ్యాట్ మీద నిలబడితే ఈ వ్యవస్థ అంతటికీ పని పడుతుంది. 2011లో వెలువడిన ఒక పరిశోధనలో 14 వారాలు మినీ ట్రాంపోలిన్ మీద సాధన చేసిన వృద్ధులకు ముందుకు తూలినప్పుడు నిలదొక్కుకునే శక్తి సుమారు 35 శాతం పెరిగింది.

ట్రాంపోలిన్ పరుగు కంటే మేలని నాసా చెప్పిందన్న మాట నిజమేనా?

సగం నిజం. భారరహిత స్థితిలో వ్యోమగాముల శరీరం బలం కోల్పోతుంది కనుక నాసా పరుగునూ ట్రాంపోలిన్ మీద గెంతడాన్నీ పోల్చి చూసింది. ఫలితాలు 1980లో వచ్చాయి. పరుగులో చీలమండ దగ్గర కుదుపు వీపు, నుదుటి దగ్గర కంటే రెండింతలు దాటింది. ట్రాంపోలిన్ మీద మూడుచోట్లా దాదాపు సమానంగా ఉంది. ప్రకటనల్లో కనిపించే 68 శాతం అనే అంకె కొవ్వు కరగడం గురించి కాదు. ఒకే మోతాదు ప్రాణవాయువు వాడుకున్నప్పుడు శరీరానికి అందే యాంత్రిక ప్రేరణలో గరిష్ఠంగా కనిపించిన తేడా అది. పైగా పాల్గొన్నది 8 మంది యువకులు. ఆ అంకెను అరవై దాటినవారికి అంటగట్టకూడదు.

ఎవరు ఎక్కకూడదు?

ఎముకలు గుల్లబారి వెన్నుపూస విరిగినవారు, తరచూ కళ్లు తిరిగేవారు, రక్తపోటు అదుపులో లేనివారు, మధుమేహంతో అరికాళ్ల స్పర్శ తగ్గినవారు ఎక్కవద్దు. ఈమధ్యే కంటి ఆపరేషన్ అయినవారు, మోకాలు లేదా తుంటి కీలు మార్పిడి చేయించుకున్నవారు డాక్టరు అనుమతి లేకుండా మొదలుపెట్టకూడదు. మూత్రం ఆపుకోలేని ఇబ్బంది ఉన్న స్త్రీలు సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పండి. దానికి వేరే వ్యాయామాలున్నాయి.

ఎలా మొదలుపెట్టాలి?

ముందు చోటు చూసుకోండి. సీలింగ్ ఫ్యాను కింద వేయకండి. మార్బుల్, గ్రానైట్ గచ్చు మీద జారుతుంది కనుక అడుగున రబ్బరు పట్టా పరవండి. సాక్సు వద్దు, వట్టి పాదాలు గానీ, పట్టున్న బూట్లు గానీ మేలు. చీర కుచ్చిళ్లు, పంచె అంచు కాళ్లకు అడ్డం పడకుండా చూసుకోండి. భోజనం చేసిన వెంటనే ఎక్కవద్దు.

మొదటివారం ట్రాంపోలిన్‌కు అమర్చిన హ్యాండిల్ పట్టుకుని ఊరికే నిలబడి, బరువును ఒక కాలి మీంచి మరో కాలి మీదికి మార్చండి. రోజుకు రెండు నిమిషాలు చాలు. తరువాత మడమలు లేపి దించండి, ఆపైన నిదానంగా ఉన్నచోటనే అడుగులు వేయండి. పాదాలు మ్యాట్‌ను వదలకుండా మెల్లగా ఊగడం చివరి మెట్టు. అంతకుమించి అవసరం లేదు. చేస్తూ మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్టే. దిగేటప్పుడు అసలు జాగ్రత్త కావాలి. మ్యాట్ కదలిక పూర్తిగా ఆగాక, హ్యాండిల్ వదలకుండా, ఒక్కో కాలు కింద పెట్టండి. నేల కాసేపు కొత్తగా అనిపిస్తుంది, అక్కడే నిలబడి కుదుటపడ్డాకే అడుగు వేయండి.

ఈ వయసులో మొదలుపెట్టి ఏం లాభం?

1974లో గుండె ఆపరేషన్ చేయించుకునేనాటికి నటుడు అక్కినేని నాగేశ్వరరావు యాభైల్లో అడుగుపెట్టారు. అన్నపూర్ణ స్టూడియోస్ ఆ తరువాతే వెలిసింది. ఆయన చివరి చిత్రం ‘మనం’ వచ్చింది 2014లో. వయసు అడ్డు కాదని శాస్త్రమూ చెబుతోంది. 1990లో ప్రచురితమైన బోస్టన్ పరిశోధనలో తొంభై ఏళ్లవారికి 8 వారాల బరువుల వ్యాయామంతోనే కాళ్ల బలం ఎంతో పెరిగింది. కండరం ఏ వయసులోనైనా స్పందిస్తుంది.

అమ్మానాన్నలకు ఇది కొనిచ్చే పిల్లలకు ఒక మనవి. హ్యాండిల్ లేనిది ఎంత చవకైనా కొనకండి. కొనిచ్చి ఊరుకోకుండా, మొదటి కొన్నాళ్లు వాళ్ల పక్కనే నిలబడండి.