బొమ్మ ఇంజను గొంతు ఎంత ఉండాలి?

మలేషియాలోని పెరాక్ రాష్ట్రంలో, బెర్నమ్ నది ఒడ్డున ఉన్న హుటాన్ మెలింటాంగ్ చుట్టూ కొబ్బరి, రబ్బరు, పామాయిల్ తోటలే. తోటపనికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ ప్రాంతంలో తరాలుగా ఉన్నాయి. పెద్ద రైలు ఈ ఊరి దాకా రాలేదు. తాపా రోడ్ నుంచి 1893లో వేసిన శాఖా మార్గం తెలుక్ ఆన్‌సన్ దగ్గరే, అంటే నేటి తెలుక్ ఇంతాన్ దగ్గరే, ఆగిపోయింది. చిన్న రైలు మాత్రం వచ్చింది. ఊరికి చేరువలో ఉన్న జెందారాటా తోటను డెన్మార్క్ ఇంజనీరు ఆగే వెస్టెన్‌హోల్జ్ 1906లో ప్రారంభించారు. నేటి యునైటెడ్ ప్లాంటేషన్స్ సంస్థకు అదే మూలం. ఆ సంస్థ తోటల్లో పామాయిల్ గెలలు 700 మిల్లీమీటర్ల గేజి పట్టాల మీద, చిన్న డీజిల్ ఇంజన్ల వెనుక మిల్లుకు చేరతాయి. మోడల్ రైళ్లు కట్టేవారికి ఇంతకంటే అనువైన రైలు దొరకడం కష్టం. 1:45 కొలతలో చేస్తే దీని గేజి పదహారు మిల్లీమీటర్లకు కాస్త తక్కువగా వస్తుంది కాబట్టి, బజారులో దొరికే 16.5 మిల్లీమీటర్ల పట్టాలే సరిపోతాయి. చిక్కు రూపంతో కాదు, ధ్వనితో. ఇంజనును 45వ వంతుకు కుదించవచ్చు గాని, దాని చప్పుడును ఎంతకు కుదించాలి? వాల్యూమ్‌కు సరైన అంకె అంటూ ఏదీ లేదనీ, ఒక ఇంజనులోని శబ్దాల మధ్య సరైన తేడా మాత్రమే ఉంటుందనీ చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు మోడల్ ఇంజన్లు ఎలా పలుకుతాయో చూద్దాం. డీసీసీ అనే డిజిటల్ పద్ధతికి జర్మనీలోని లెంజ్ కంపెనీ పునాది వేసింది. దాన్ని అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ 1990ల్లో ప్రమాణంగా స్వీకరించింది. పట్టాల్లో పారే కరెంటే ఆజ్ఞలనూ మోస్తుంది. కరెంటు దిశ 58 మైక్రోసెకండ్లకోసారి మారితే ఒకటి అనీ, 100 మైక్రోసెకండ్లు లేదా అంతకంటే ఎక్కువ తీసుకుంటే సున్నా అనీ అర్థం. ఇంజనులో ఉండే డీకోడర్ ఈ సున్నాలు, ఒకట్లు చదివి, తన చిరునామాకు వచ్చిన ఆజ్ఞను మాత్రమే పాటిస్తుంది. దాని స్వభావమంతా సీవీలనే గళ్లలో 0 నుంచి 255 వరకు అంకెలుగా రాసి ఉంటుంది. ఈఎస్‌యూ కంపెనీ లోక్‌సౌండ్ 5లో మొత్తం ధ్వనిని అదుపు చేసేది సీవీ63, దాని గరిష్ఠం 192. సౌండ్‌ట్రాక్స్ కంపెనీ సునామీ2లో అదే పని సీవీ128 చేస్తుంది, గరిష్ఠం 255. కాబట్టి మిత్రుడు 120 పెట్టుకున్నాడని మనమూ 120 పెడితే ఒకే ధ్వని రాదు. కంపెనీ, స్పీకర్, గది మారితే అదే అంకెకు వేరే అర్థం వస్తుంది.

అంకెకూ చెవికీ మధ్య మరో అగాధం ఉంది. సీవీ అంకె ధ్వని తరంగం ఎత్తును అదే పాళ్లలో మారుస్తుందనుకుంటే, 192ను 96కు దించినప్పుడు తగ్గేది 6 డెసిబెల్స్ మాత్రమే. మన చెవికి శబ్దం సగమైనట్టు తోచాలంటే సుమారు 10 డెసిబెల్స్ తగ్గాలి. అంటే అంకె మూడో వంతుకు, దాదాపు 60కి రావాలి. సగానికి తగ్గించినా ఇంకా రొదగానే ఉందని చాలామంది విసుక్కోవడానికి కారణం ఇదే. పైగా బళ్లు పెరిగేకొద్దీ శబ్దమూ పెరుగుతుంది. ఒకే స్థాయిలో మోగే ఇంజన్లు రెండైతే 3 డెసిబెల్స్, పదైతే 10 డెసిబెల్స్ పెరుగుతుంది. ఇంట్లో ఒంటరిగా ముచ్చటగా వినిపించిన ఇంజను క్లబ్బు బల్ల మీద పదింటిలో ఒకటైనప్పుడు తలనొప్పి కావడంలో వింత లేదు.

అసలు ఇంజను గట్టిగానే మోగుతుంది కదా, మోడల్ మాత్రం ఎందుకు మోగకూడదని అడగవచ్చు. సరే, లెక్క వేద్దాం. 1:45 మోడల్‌ను మీటరు దూరం నుంచి చూడటమంటే అసలు బండిని 45 మీటర్ల నుంచి చూడటం. అమెరికా నిబంధనల ప్రకారం పెద్ద రైలింజను హారన్ 100 అడుగుల దూరంలో 96 నుంచి 110 డెసిబెల్స్ మధ్య ఉండాలి. 1980 తర్వాత తయారైన ఇంజను నిలిచి ఉండి ఊరకే తిరుగుతుంటే అదే దూరంలో 70 డెసిబెల్స్ దాటకూడదు. దూరం రెట్టింపైతే ధ్వని 6 డెసిబెల్స్ తగ్గుతుంది కాబట్టి, 45 మీటర్ల దగ్గర ఆ హారన్ కనీసం 92 డెసిబెల్స్ ఉంటుంది. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ ఎనిమిది గంటల పనికి పెట్టిన పరిమితి 85 డెసిబెల్స్. చిన్న గదిలో దాన్ని మించిన హారన్‌ను మాటిమాటికీ మోగించడం వాస్తవికత కాదు, చెవులకు చేటు. తోట ఇంజన్లకు ఈ నిబంధనలు వర్తించవు, వాటి గొంతు కూడా అంత పెద్దది కాదు. అయినా ఈ అంకెల్లో పనికొచ్చే విషయం ఒకటుంది. హారన్‌కూ ఊరకే తిరిగే ఇంజనుకూ మధ్య కనీసం 26 డెసిబెల్స్ తేడా ఉంది. అంటే తరంగం ఎత్తులో ఇరవై రెట్ల తేడా. మన చెవి గుర్తుపట్టే వాస్తవం ఈ తేడాయే.

మోడల్ ఇంజన్లు సాధారణంగా తప్పేది ఇక్కడే. ప్రతి శబ్దాన్నీ నిండుగా రికార్డు చేసి పక్కపక్కన పేర్చడంతో, నిలబడి ఉన్న ఇంజను కూడా దాదాపు హారనంత గట్టిగా గొణుగుతుంది. దీనికి మొత్తం వాల్యూమ్ తగ్గించడం మందు కాదు. పులుసు చిక్కబడిందని నీళ్లు పోస్తే ఉప్పూ పులుపూ కారమూ ఒకే పాళ్లలో పలచబడతాయి. ఒక్క ఉప్పే ఎక్కువైనప్పుడు నీళ్లు పోసి లాభం లేదు. అందుకే డీకోడర్లలో శబ్దానికో గడి విడిగా ఉంటుంది. సునామీ2లో హారన్‌కు సీవీ129, గంటకు 130, ఇంజనుకు 131. లోక్‌సౌండ్‌లో ముందు సీవీ31లో 16, సీవీ32లో 1 రాసి శబ్దాల గళ్లున్న పుట తెరవాలి. ఆ తర్వాతే 257 పైనున్న గళ్లు శబ్దాల వాల్యూమ్‌గా పలుకుతాయి. పుట తెరవకుండా రాస్తే మార్పు మరో చోట పడుతుంది. తప్పు జరిగితే సీవీ8లో 8 రాస్తే రెండు కంపెనీల డీకోడర్లూ మొదటి స్థితికి వస్తాయి. గది నిశ్శబ్దమే 35, 40 డెసిబెల్స్ ఉంటుంది కాబట్టి 26 డెసిబెల్స్ తేడాను పూర్తిగా నిలపడం అన్నిచోట్లా కుదరదు. అందులో సగం, 13 డెసిబెల్స్, నిలిపినా చాలు. రెండు రికార్డింగులూ ఒకే స్థాయివైతే హారన్ 128 దగ్గర ఉన్నప్పుడు ఇంజను 29 దగ్గర ఉండాలి.

అంత తగ్గిస్తే ఇంజను గంభీరత పోతుందన్నది రెండో అభ్యంతరం. ఆ గంభీరతకు ఆధారం మంద్ర స్వరం. నాలుగు సిలిండర్ల ఫోర్‌స్ట్రోక్ డీజిల్ నిమిషానికి 800 చుట్లు తిరిగితే పేలుళ్లు సెకనుకు 27 దాకా ఉంటాయి. 15 మిల్లీమీటర్ల పొడవు, 11 మిల్లీమీటర్ల వెడల్పున్న స్పీకర్ అంత కింది స్వరాన్ని పలికించలేదు. వాల్యూమ్ పెంచితే మంద్రం రాదు, స్పీకర్ పొర విపరీతంగా కదిలి బొంగురు పెరుగుతుంది. స్పీకర్ వెనుక భాగాన్ని గాలి చొరబడని డబ్బాలో మూసేయడమే దీనికి మందు. మూయకపోతే ముందు, వెనుక తరంగాలు కలిసి ఒకదాన్నొకటి చంపుకుంటాయి. 1:45 తోట ఇంజనులో పెద్ద స్పీకర్‌కూ మంచి డబ్బాకూ చోటుంటుంది. అంకె ముట్టుకోకుండానే గొంతు నిండుతుంది.

ఇంత తంటా ఎందుకు, విసుగేస్తే బటన్ నొక్కి మూగ చేస్తే పోలేదా అనేవారూ ఉన్నారు. నిజమే, చాలా డీకోడర్లలో ఆ సౌకర్యం ఉంది. కానీ ఆపేయాలనిపిస్తోందంటే పాళ్లు కుదరలేదన్నమాట. బండి పట్టాల మీద ఉండగానే సీవీలు మార్చే వీలుంది కాబట్టి, వింటూనే సరిచేసుకోవచ్చు. ముందు గది సద్దుకు కాస్త పైన ఇంజనును నిలపండి, తర్వాత దానికి తగ్గట్టు హారన్‌ను పెంచండి, మొత్తం వాల్యూమ్‌ను చిట్టచివర ముట్టుకోండి.

ఈఎస్‌యూ లోక్‌ప్రోగ్రామర్‌తో మనం రికార్డు చేసిన శబ్దాలను కూడా డీకోడర్‌లోకి ఎక్కించవచ్చు. హుటాన్ మెలింటాంగ్ వైపు తోటలతో పరిచయమున్న పాఠకులు అనుమతి తీసుకుని, పట్టాలకు భద్రమైన దూరంలో నిలబడి, ఆ డీజిల్ ఇంజన్లను రికార్డు చేసి పెట్టాలి. ఒక్కటే జాగ్రత్త. ఫోన్లు చిన్న శబ్దాన్ని పెంచి, పెద్ద శబ్దాన్ని తగ్గించి తమంతట తామే సమం చేస్తాయి. ఆ సదుపాయాన్ని ఆపి, ఇంజనునూ హారన్‌నూ ఒకే దూరం నుంచి, ఒకే స్థాయిలో పట్టండి. అప్పుడు ఆ తేడా రికార్డింగులోనే దొరుకుతుంది, సీవీలతో కుస్తీ సగానికి సగం తప్పుతుంది.