విశ్రాంతి కోసం వెళ్ళి అలసిపోయి వస్తామెందుకు?

వేసవి సెలవులు దగ్గర పడుతున్నాయంటే చాలు, పాఠం వింటున్నా మనసు ఎక్కడో తిరుగుతూ ఉంటుంది. మీలో ఒకరికి సముద్రం చూడాలని, ఇంకొకరికి కొండలెక్కాలని, మరొకరికి అమ్మమ్మగారి ఊళ్ళో మామిడితోటలో గడపాలని కోరిక. సరే, ఇంటిల్లిపాదీ బయలుదేరతారు. నాలుగు రోజుల్లో ఏడు ఊళ్ళు చుట్టేస్తారు. తిరిగి వచ్చాక చూస్తే ఒళ్ళంతా నొప్పులు, బడి రోజులకన్నా ఎక్కువ అలసట! ఇదెక్కడి విశ్రాంతి?

ముందు ఆ కోరిక సంగతి చూద్దాం. మల్లెపూలున్న గదిలోకి అడుగు పెట్టగానే వాసన గుప్పున కొడుతుంది. కాసేపు అక్కడే కూర్చుంటే ఆ వాసన తెలియనే తెలియదు. పూలు వాడిపోయాయా? లేదు. మారకుండా ఉన్నదాన్ని మన నాడీమండలం క్రమంగా పట్టించుకోవడం మానేస్తుంది. చేతికి పెట్టుకున్న గడియారం సంగతీ అంతే. రోజూ నడిచే వీధిని మీరు నిజంగా చూసి ఎన్నాళ్ళయింది? భీమిలిలో పుట్టి పెరిగినవారికి అలల హోరు చెవికి ఆనదు. అనంతపురం నుంచి వచ్చినవారు ఆ అలల ముందు గంటల తరబడి నిలబడిపోతారు. మనకు లేనిదే మనల్ని పిలవడంలో వింతేమీ లేదు.

కొండా, సముద్రమా అన్న తగవులో శరీరానికీ ఒక మాట ఉంది. ఎత్తుకు పోయినకొద్దీ ప్రతి 1000 మీటర్లకు సగటున ఆరున్నర సెంటీగ్రేడు డిగ్రీల వేడి తగ్గుతుంది. అందుకే విశాఖపట్నంలో ఉక్కపోస్తున్న రోజున కూడా, సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకులో హాయిగా ఉంటుంది. సముద్రతీరంలో మధ్యాహ్నం నేల వేడెక్కి, దానిపై గాలి తేలికై పైకి లేస్తే, ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి వీస్తుంది. అయితే ఆ గాలిలో తేమ ఎక్కువ గనుక చెమట త్వరగా ఆరదు. చెమట ఆరితేనే కదా ఒంటికి చల్లదనం!

ఇక అలసట సంగతి. కొత్త చోట మొదటి రాత్రి నిద్ర సరిగా పట్టకపోవడం మీకు అనుభవమే. పక్క బాగాలేదనో, దోమలనో సరిపెట్టుకుంటాం. నిద్రను పరిశోధించే శాస్త్రజ్ఞులకు మాత్రం ఇది ఎప్పటినుంచో తెలుసు. ప్రయోగశాలలో పడుకున్నవారి మొదటి రాత్రి లెక్కలను వారు తరచు పక్కన పెట్టేసేవారు. 2016లో అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయానికి చెందిన మసాకో తమాకి, యుకా ససాకి బృందం ఆ పక్కన పెట్టిన రాత్రినే పరీక్షించింది. ఫలితం ఆశ్చర్యకరం! మొదటి రాత్రి గాఢనిద్రలో మెదడు కుడి భాగంకన్నా ఎడమ భాగంలోని కొన్ని ప్రాంతాలు తేలికగా నిద్రపోతున్నాయి. కుడి చెవిలో వినిపించిన శబ్దం ముఖ్యంగా మెదడు ఎడమ భాగానికి చేరుతుంది. అలా వినిపించిన చిన్న శబ్దాలకు వారు త్వరగా మేలుకున్నారు. తర్వాతి పరీక్షలో, చోటు అలవాటయ్యాక, ఈ తేడా కనబడలేదు.

అంటే తెలియని చోట మెదడులో ఒక వైపు కాస్త కాపలా కాస్తోందన్నమాట. డాల్ఫిన్లు ఈ విద్యలో మనకన్నా చాలా ముందున్నాయి. వాటి మెదడులో ఒక సగం నిద్రపోతుంటే, మిగతా సగం మేలుకునే ఉంటుంది.

ఇప్పుడు ఆ ఏడు ఊళ్ళ యాత్రను మళ్ళీ తలచుకోండి. ప్రతి రాత్రీ కొత్త గదే, ప్రతి రాత్రీ మొదటి రాత్రే! కాపలాదారుకు సెలవు దొరికేదెప్పుడు? పైగా తెల్లవారుజామున లేచి బస్సు పట్టుకోవాలి. ఎన్ని ఊళ్ళు చూశామో లెక్క చెప్పుకోవడం కోసం చేసే యాత్రలు నాకు బొత్తిగా నచ్చవు. ఒక్క ఊళ్ళో నాలుగు రాత్రులు ఉంటే మూడింటైనా నిండుగా నిద్రపోవచ్చునని నా లెక్క.

నెదర్లాండ్స్‌లో 1,530 మందిని ప్రశ్నించి 2010లో ప్రకటించిన అధ్యయనం ఒకటుంది. వారిలో 974 మంది విహారయాత్రకు వెళ్ళివచ్చారు. బయలుదేరక ముందు వీరు వెళ్ళనివారికన్నా ఎక్కువ సంతోషంగా ఉన్నారు. ఎదురుచూడటంలోనే అంత ఆనందం ఉంది కాబోలు! తిరిగి వచ్చాక మాత్రం చాలామందిలో ఆ తేడా మిగల్లేదు. తమ సెలవు ఎంతో ప్రశాంతంగా గడిచిందన్నవారిలోనే ఆ సంతోషం కొన్నాళ్ళు నిలిచింది.

ఈసారి మీ ఇంట్లో ప్రయాణం మాట వచ్చినప్పుడు ఊళ్ళ పేర్లతోపాటు రాత్రులనూ లెక్కపెట్టి పెద్దవాళ్ళకు చూపించండి. వెంట ఒక చిన్న పుస్తకం తీసుకువెళ్ళండి. మొదటి రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, రెండో రాత్రి ఎన్నిసార్లు, అమ్మమ్మగారింట్లో అయితే ఎన్నిసార్లు అన్నది పొద్దున్న లేవగానే రాసుకోండి. ఇంట్లో మిగతావాళ్ళను కూడా అడిగి, అందరి అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి.