పొడపత్రి నమిలిన నాలుక

మహానంది కోనేటి నీరు ఏడాది పొడవునా పారి చుట్టుపక్కల అరటితోటలను తడుపుతుంది. తోటల వెనక నల్లమల. ఆ అడవిలో చెట్లమీదికి పాకే తీగ ఒకటుంది. జిల్లేడు కుటుంబానిది, పేరు పొడపత్రి. దాని ఆకులు రెండు బాగా నమిలి, నోరు పుక్కిలించి, మాగిన అరటిపండు తింటే పుల్లటి పిండిముద్ద తిన్నట్టుంటుంది. చక్కెర వేసుకుంటే నోట్లో ఇసుక పోసుకున్నట్టే. ఉప్పు, పులుపు మాత్రం ఎప్పటిలాగే తెలుస్తాయి. అరగంటో ముప్పావుగంటో గడిచాక తీపి మళ్లీ వస్తుంది.

1887లో ఊటీలో పనిచేస్తున్న డేవిడ్ హూపర్ అనే రసాయనవేత్త ఈ ఆకు నుంచి జిమ్నెమిక్ ఆమ్లాన్ని వేరుచేశాడు. దాని కిటుకు తెలియడానికి నూరేళ్లు దాటింది. రుచిమొగ్గల్లో తీపిని పట్టే గ్రాహకం టీ1ఆర్2, టీ1ఆర్3 అనే రెండు ప్రోటీన్ల జంట. 2001 ప్రాంతంలో దాని గుట్టు బయటపడింది. జిమ్నెమిక్ ఆమ్లం వెళ్లి టీ1ఆర్3ని పట్టుకుని ఆ జంట నోరు నొక్కేస్తుందని 2014లో జపాన్ పరిశోధకులు చూపారు.

నాలుకకు తీపి తెలియనంత మాత్రాన పండులోని చక్కెర ఎక్కడికీ పోదు. అది రక్తంలోకి చేరుతూనే ఉంటుంది. దీనికి తిరగేసిన ఉదాహరణ నంద్యాల సన్నబియ్యం అన్నం. నాలుకకు చప్పగానే ఉంటుంది, కానీ అందులోని పిండిపదార్థం అరిగి గ్లూకోజే అవుతుంది. స్వీటు ముట్టనని గట్టిగా చెప్పి, అన్నం మారు వడ్డించుకునే షుగర్ మనిషిని చూస్తే నాకు బాధేస్తుంది. ఆయన నాలుకను నమ్మాడు. నాలుక దగ్గర ఆ లెక్క లేదు.

మరి కొందరికి కాఫీలో అరచెంచా చక్కెర చాలు, కొందరికి రెండు చెంచాలు వేసినా చాలవు, ఎందుకని? గ్రాహకాన్ని తయారుచేసే జన్యువుల్లో తేడాలుంటాయి. వయసు, అలవాటు కూడా కలుస్తాయి. ఒక్క మనిషిలోనే తీపి తెలిసే తీరు పూట పూటకూ మారుతుంది. కొవ్వు కణాలు విడుదలచేసే లెప్టిన్ అనే హార్మోన్ తీపి కణాల జోరు తగ్గిస్తుంది. అది పొద్దున తక్కువగా, రాత్రి ఎక్కువగా ఉంటుంది. అందుకే పొద్దున కొద్దిపాటి తీపినీ నాలుక పట్టేస్తుంది, రాత్రికి మొద్దుబారుతుంది. షుగర్ ఉన్నవారిలో తీపి తెలియడం మందగిస్తుందని కొన్ని పరిశోధనలు అంటే, తేడా లేదని మరికొన్ని అన్నాయి. కాబట్టి నాలుకను చూసి షుగర్ ఉందో లేదో తేల్చడం కుదరదు.

అలవాటు సంగతి మాత్రం నాకు ఆశ కలిగిస్తుంది. 2016లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో కొందరు మూడు నెలలు చక్కెరను బాగా తగ్గించారు. ఆ తర్వాత అదే పుడ్డింగు వాళ్లకు ఇదివరకటికంటే తియ్యగా తోచింది. ఇష్టపడే తీపి మోతాదు మాత్రం మారలేదు. మనసు కంటే నాలుకే ముందు దారికొచ్చిందన్నమాట.

ఆకలి మీద పొడపత్రి చూపే ప్రభావం కూడా ఈ నాలుక దారినే. జిమ్నెమిక్ ఆమ్లం ఉన్న బిళ్ల చప్పరించినవారు ఆ తర్వాత మిఠాయిలు తక్కువ తిన్నట్టు ప్రయోగాల్లో తేలింది. అంగట్లో దొరికే క్యాప్సూల్ మింగితే నాలుకకు ఆకు తగలనే తగలదు, కాబట్టి ఈ ఫలితం రాదు. కడుపులోకి వెళ్లాక అది రక్తంలో చక్కెరను తగ్గించే వీలుంది. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు దాన్ని కలిపితే చక్కెర మరీ పడిపోవచ్చు. అందుకని మొదలుపెట్టక ముందే డాక్టరుకు చెప్పాలి.