టైడాలో తుది సన్నాహములు

సైకిళ్లపై అరకులోయకు బోవనెంచి దంపతుల మిరువురమును టైడాలో బస చేసితిమి. 1960 దశకమున వేసిన కొత్తవలస–కిరండూలు రైలుమార్గము సొరంగములలో దూరి పోవును. సైకిలెక్కినవారికి కొండమలుపులే గతి. అనంతగిరి కాఫీతోటలు దాటి, సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున నున్న అరకు చేరవలెను.

ఎక్కుట శ్రమయే గాని భయము గాదు, దిగుటయే భయము. అందుచే మూటలకంటె ముందు బ్రేకులు చూచితిమి. ఒక బండి వెనుక రబ్బరు ఇనుము కనబడునంత అరిగియున్నది. క్రొత్తది వేసి, తీగె బిగించి, ఏటవాలున నాలుగుమారులు దిగి చూచినగాని మనసు కుదుటబడలేదు. పల్లమున బ్రేకులు విడిచి విడిచి పట్టవలెను. ఎడతెగక పట్టినచో చక్రపుటంచు వేడెక్కి ట్యూబు పగులవచ్చును.

చీరకొంగు గొలుసున జిక్కునని అత్తగారి బెంగ. సల్వారు తొడుగుటయు నామెకు సమ్మతము గాదు. తుదకు బెంగయే గెలిచినది!

సామానంతయు తమ బండిపై వేయుమనిరి మావారు. మేము సమ్మతింపలేదు. బరువెక్కువైన బండి పల్లమున సులభముగ నాగదు గదా. అతుకుసామాను, గాలిపంపు ఒకదానిపైనను, దోమతెర, మందులు, వేరుసెనగ యుండలు రెండవదానిపైనను సర్దితిమి. మన్యమున మలేరియా మాట మరువరాదు. మెల్లగ త్రొక్కువారు ముందు పోవలెనని యొప్పందము. పొగమంచుకై దీపములు వెలిగించి చూచి, కాచిన నీరు సీసాలకు నింపి పరుండితిమి.